ఆన్‌లైన్ రమ్మీ నిషేధం మంచిదే, కానీ 16వ సెక్షన్ చదివారా?

కోదాడ_బావ | 24 ఆగస్టు 2025, ఉదయం 9:12

అందరికీ నమస్తే. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది తక్కువ. కాస్త పొడుగు పోస్టు, ఓపిక పట్టండి.

మా బామ్మర్ది సంగతి ఇది. పేరు వద్దు. ఎరువుల కొట్లో లెక్కలు రాస్తాడు. ఊళ్లో ఎవరి బాకీ ఎంతో పుస్తకం చూడకుండా చెప్పేస్తాడు, అంత జ్ఞాపకశక్తి. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి ఆన్‌లైన్ రమ్మీ ఆపేసింది కదా, వీడు ఆగలేదు. సాయంత్రం కొట్టు కట్టేశాక బండి తీసి జగ్గయ్యపేట వెళ్లేవాడు. అప్పటికి ఆంధ్రలో నిషేధం లేదు. సరిహద్దు దాటగానే యాప్ తెరుచుకునేది. టీ కొట్టు బల్ల మీద రెండు గంటలు ఆడి ఇల్లు చేరేవాడు. స్టాక్ చూడ్డానికి వెళ్తున్నాడని ఇంట్లో అనుకునేవాళ్లు. 2020 సెప్టెంబరులో ఆంధ్ర కూడా నిషేధించింది. అప్పుడు ఫోన్‌లో లొకేషన్ మార్చే యాప్ ఒకటి వేసుకున్నాడు. పెట్రోలు ఖర్చు మిగిలింది, ఆట గంటలు పెరిగాయి.

మొత్తం పోయింది 6 లక్షల 40 వేలు. అందులో మా ఆవిడ గాజులు కూడా ఉన్నాయి.

ఈ నెల 20న లోక్‌సభలో ఆన్‌లైన్ గేమింగ్ బిల్లు (డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు దేశమంతా బంద్), అదే రోజు పాస్. 21న రాజ్యసభ. 22న రాష్ట్రపతి సంతకం. టీవీ ముందు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. నిన్న రాత్రి నిద్రపట్టక చట్టం మొత్తం చదివాను. 16వ సెక్షన్ దగ్గర ఆగిపోయాను. కేంద్రం అధికారమిచ్చిన ఆఫీసరు వారెంట్ లేకుండా ఏ చోటికైనా రావచ్చు, సోదా చేయొచ్చు, నేరం చేసిన, చేస్తున్న, చేయబోతున్న అనుమానం ఉంటే అరెస్టు చేయొచ్చు. "ఏ చోటికైనా" అంటే ఇల్లు, బండి మాత్రమే కాదు. కంప్యూటరు, స్టోరేజి, "వర్చువల్ డిజిటల్ స్పేస్" అన్నీ. లాక్ ఉంటే దాన్ని దాటుకుని లోపలికి పోవచ్చు.

చేయబోతున్న అనుమానం! మీరేమంటారు?

తిరుపతి_తీన్మార్ | 24 ఆగస్టు, ఉదయం 9:40

ఇన్నాళ్లకి ఒక మంచి పని జరిగితే అందులోనూ వంక వెతకాలా? తప్పు చేయనోడికి ఫోన్ చూపిస్తే భయం దేనికి.

చికెన్‌డిన్నర్_హన్మకొండ | 24 ఆగస్టు, ఉదయం 9:43

అన్నా, నీ ప్యాటర్న్ లాక్ ఇక్కడ పెట్టు. తప్పు చేయలేదుగా.

తిరుపతి_తీన్మార్ | 24 ఆగస్టు, ఉదయం 9:51

నువ్వేమన్నా ఆఫీసరువా?

చికెన్‌డిన్నర్_హన్మకొండ | 24 ఆగస్టు, ఉదయం 9:52

అయితే భయం ఉందన్నమాట 😄

ప్లీడరు_గారబ్బాయి | 24 ఆగస్టు, ఉదయం 11:05

బావగారూ, ముందు ఒక టెన్షన్ తీరుస్తాను. ఈ చట్టంలో ఆడేవాడికి శిక్ష లేదు. డబ్బు పెట్టించి ఆడించేవాడికి 3 ఏళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ప్రకటన ఇచ్చినవాడికి 2 ఏళ్లు, 50 లక్షలు. డబ్బు అటూ ఇటూ పంపే బ్యాంకుకి, పేమెంట్ కంపెనీకి మళ్లీ 3 ఏళ్లు, కోటి. మీ బామ్మర్దిని చట్టం బాధితుడిగానే చూసింది.

కానీ నేరం కాని పని చేసేవాడి ఫోన్‌లోనే నేరానికి సాక్ష్యం ఉంటుంది. అసలు చిక్కు ఇక్కడుంది. ఆడించేవాడు ఎక్కడో ఉంటాడు, అతని ఆనవాలు ఆడేవాడి ఫోన్‌లో ఉంటుంది. ఆ ఫోన్ తెరవడానికి మేజిస్ట్రేటు సంతకం అక్కర్లేదన్నారు. 2017 ఆగస్టు 24న, అంటే సరిగ్గా ఎనిమిదేళ్ల కిందట ఇదే రోజున, తొమ్మిదిమంది జడ్జీలు పుట్టస్వామి కేసులో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. ఆ హక్కులో వేలు పెట్టాలంటే చట్టం ఉండాలి, సరైన ఉద్దేశం ఉండాలి, ఉద్దేశానికి తగ్గ మోతాదులోనే పెట్టాలి. మొదటి రెండూ ఇక్కడ ఉన్నాయి. మూడోదాని మీదే నా పేచీ. దోమను కొట్టడానికి రోకలి ఎత్తితే దోమ చావొచ్చు, గోడా పోతుంది.

సికింద్రాబాద్_శాస్త్రి | 24 ఆగస్టు, మధ్యాహ్నం 2:30

రమ్మీకి కోర్టుతో బంధుత్వం కుదిరింది మా ఊళ్లోనే, మీలో ఎందరికి తెలుసో. సికింద్రాబాద్‌లో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ అని ఉండేది. 1963లో పోలీసులు దాని మీద దాడి చేశారు. రమ్మీ ఆడుతున్నారు, క్లబ్బు ఆటగాళ్ల దగ్గర రుసుము తీసుకుంటోంది, కాబట్టి ఇది జూదపు కొంప అని కేసు. మేజిస్ట్రేటు శిక్ష వేశారు, హైకోర్టు కొట్టేసింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. 1967లో జస్టిస్ హిదయతుల్లా తీర్పు రాశారు. మూడుముక్కలాటలా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కనుక ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అని. మొన్నటిదాకా ఈ యాప్‌లన్నీ తలపై పెట్టుకుని ఊరేగింది ఆ తీర్పునే.

మా నాన్నగారు ఆ క్లబ్బు కాదు గానీ అలాంటి ఇంకోదానికి వెళ్లేవారు. ఆదివారం మధ్యాహ్నం నన్ను పిలుచుకు రమ్మని అమ్మ పంపేది. పచ్చగుడ్డ పరిచిన బల్ల, పైన ఫ్యాను, నలుగురైదుగురు. లైఫ్ (జోకర్ లేని వరుస) పడకపోతే 20 పాయింట్లకి ముక్కలు దించేసి సిగరెట్టు ముట్టించుకునేవారు. రాత్రి తొమ్మిదికి బాయ్ వచ్చి లైట్లు ఒక్కొక్కటే ఆర్పేసేవాడు. ఎవడెంత పోగొట్టుకున్నా తొమ్మిదికి ఆట ముగిసేది.

ప్లీడరు_గారబ్బాయి | 24 ఆగస్టు, మధ్యాహ్నం 3:02

మాస్టారూ, మీరు చెప్పిన తీర్పును అందరూ సగమే చదువుతారు. క్లబ్బు నడపడానికి మామూలు రుసుము తీసుకుంటే ఇబ్బంది లేదన్నారు. అదే చేత్తో, ఆటమీద యజమాని లాభం గుంజుతున్నాడని సాక్ష్యం ఉంటే నేరం కావచ్చనీ అన్నారు. ప్రతి పందెంలో ఇంత శాతమని కోసుకునే యాప్ ఈ రెండింటిలో ఏ కిందికొస్తుంది? ఆ ప్రశ్నను సూటిగా తేల్చకుండానే ఇన్నేళ్లు నైపుణ్యమా అదృష్టమా అని కొట్టుకున్నారు. కొత్త చట్టం ఆ తగువే తీసేసింది. నైపుణ్యమైనా అదృష్టమైనా డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆట అయితే చాలు, నిషేధం.

నిడదవోలు_నాని | 24 ఆగస్టు, సాయంత్రం 5:15

సంక్రాంతికి మా పక్క బరుల్లో లైట్లేసి, ఎల్‌ఈడీ తెరలు పెట్టి కోట్లు కాస్తారు. గుండాట వేరే. నేతలంతా వచ్చి దండలేయించుకుంటారు. ఆన్‌లైన్‌లో అయితే మాత్రం సంస్కృతి పాడైపోతుంది 🙏

సికింద్రాబాద్_శాస్త్రి | 24 ఆగస్టు, సాయంత్రం 5:31

కోడికి వారెంట్ అక్కర్లేదు నాయనా.

బటన్_కాపరి | 24 ఆగస్టు, రాత్రి 11:48

చాలాసేపు రాయాలా వద్దా అనుకున్నాను. మూడేళ్లు ఒక కార్డుల ఆట కంపెనీలో స్క్రీన్లు గీశాను. కంపెనీ పేరు అడగొద్దు, చెప్పను.

శాస్త్రిగారు రాసిన ఆ లైట్లార్పే బాయ్ మీదే నా ఆలోచనంతా. మా ఉద్యోగం ఒక్కటే, ఆ బాయ్ ఎప్పుడూ గదిలోకి రాకుండా చూడటం.

డబ్బు వేసే బటన్ ఆకుపచ్చ రంగులో, కుడి బొటనవేలు సహజంగా ఆనే చోట ఉండేది. డబ్బు వెనక్కి తీసుకోవాలంటే నాలుగు తెరలు దాటాలి. దాటి నొక్కాక "మీ సొమ్ము 24 గంటల్లో వస్తుంది" అని వచ్చేది. దాని కిందనే "రద్దు చేసి ఆట కొనసాగించండి" అని ఇంకో బటన్. ఆ రద్దు బటన్ గీసింది నేనే. దాని అంచుల్ని ఎంత గుండ్రంగా చేయాలన్నదాని మీద రెండు మీటింగులు జరిగాయి. మధ్యాహ్నం డబ్బు తీస్తానన్నవాళ్లు రాత్రి పన్నెండులోపు తామే రద్దు చేసుకుని మళ్లీ బల్ల దగ్గరికి రావడం డ్యాష్‌బోర్డు మీద కనపడేది. ఆ గీత పైకి వెళ్తే మా టీముకి బిర్యానీ.

బ్రిటన్‌లో 2021లో గ్యాంబ్లింగ్ కమిషన్ ఈ రద్దు ఏర్పాటును ఆన్‌లైన్ జూదంలో నిషేధించింది. ఆ వార్త మా ఆఫీసు గ్రూపులో ఎవరో పెట్టారు. కింద ఒక నవ్వు బొమ్మ, అంతే.

ఇంకోటి. బాగా పోగొట్టుకునేవాళ్లకు ఒక మనిషిని కేటాయించేవాళ్లం. పుట్టినరోజుకి ఫోన్ చేస్తాడు, బోనస్ వేస్తాడు. నెల ఒకటో తేదీన మెసేజ్‌లు సాయంత్రం కాదు, జీతం పడిన పావుగంటలో వెళ్లాలి. ఇందులో నైపుణ్యం ఎవరిది? ఆడేవాడిదా, మాదా?

ఎలుకల_ల్యాబ్ | 25 ఆగస్టు, ఉదయం 7:20

నేను హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను, మనుషుల నిర్ణయాల మీద. కాపరిగారి పోస్టు చదివి ఒళ్లు మండింది, ఆయన మీద కాదు.

నలభైమందికి పది ప్రశ్నల కాగితం ఇవ్వడానికి నేను ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో మనుషులకు హాని జరగకుండా చూసేది) చుట్టూ నాలుగు నెలలు తిరిగాను. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, మధ్యలో మానేయొచ్చని రాయాలి, ఇబ్బంది పడితే ఎవరికి చెప్పాలో ఫోన్ నంబర్ ఇవ్వాలి. ఒక ప్రశ్నలో "మీకు అప్పులున్నాయా" అని ఉంది. అది మనసు నొప్పిస్తుందేమోనని కమిటీ వెనక్కి పంపింది. సరే, బుద్ధిగా మార్చాను. యాప్ కంపెనీ ఒక మధ్యాహ్నం లక్షలమందిని రెండు గుంపులుగా చీల్చి, ఏ బటన్‌కి మనిషి ఎక్కువ పోగొట్టుకుంటాడో కొలుస్తుంది. అదీ మనుషుల మీద ప్రయోగమే. దాన్ని ప్రాడక్ట్ టెస్టింగ్ అంటారు.

ఫేస్‌బుక్ 2012 జనవరిలో 6,89,003 మంది ఫీడ్‌లో సంతోషపు పోస్టులు, బాధ పోస్టులు తగ్గించి చూసింది, వాళ్లకు చెప్పకుండా. 2014లో పేపరు వచ్చాక గొడవైంది. అది కనీసం అచ్చయింది కాబట్టి తెలిసింది. మనవాళ్ల డ్యాష్‌బోర్డులు ఎవరు అచ్చేస్తారు?

అన్నట్టు, కొద్దిలో ఆట పోయినప్పుడు మెదడు ఏం చేస్తుందో 2009లో కేంబ్రిడ్జ్‌వాళ్లు స్లాట్ మెషీన్ లాంటి ఆట ఆడించి స్కానర్‌లో చూశారు. అంచుదాకా వచ్చి ఓడిపోతే, గెలిచినప్పుడు వెలిగే భాగాల్లో కొన్ని వెలిగాయి. హాయిగా అనిపించలేదు గానీ ఇంకా ఆడాలనిపించింది. "ఒక్క జోకర్ పడుంటే" అని బావగారి బామ్మర్ది ఎన్నిసార్లు అనుంటాడో లెక్కేసుకోండి.

కోదాడ_బావ | 25 ఆగస్టు, ఉదయం 7:55

అమ్మా, అచ్చం అదే మాట. నిద్రలో కూడా.

తిరుపతి_తీన్మార్ | 25 ఆగస్టు, ఉదయం 8:30

ఇంత మోసం జరుగుతోందని మీరే రాస్తున్నారు. మరి కఠినమైన చట్టం వద్దంటే ఎలా? 45 కోట్లమంది ఏడాదికి 20 వేల కోట్లు పోగొట్టుకుంటున్నారని ప్రభుత్వమే చెప్పింది. ఉరి పోసుకున్న పిల్లల తల్లిదండ్రులకి మీ పుట్టస్వామి గురించి చెప్పండి చూద్దాం.

ప్లీడరు_గారబ్బాయి | 25 ఆగస్టు, ఉదయం 9:10

తీన్మార్ గారూ, కఠినమైన చట్టం వద్దని నేననలేదు. ఆకుపచ్చ బటన్ గీయించినవాడి మీద కఠినంగా ఉండమంటున్నాను. 2023 నవంబరులోనే వినియోగదారుల రక్షణ సంస్థ 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను, అంటే వాడేవాడిని ఏమార్చే స్క్రీన్ డిజైన్లను, నోటిఫై చేసింది. కాపరిగారు రాసినవాటిలో రెండు మూడైనా అందులో ఇమిడిపోతాయి. దాన్ని పట్టుకుని ఎవరైనా ఈ యాప్‌ల ఆఫీసు తలుపు తట్టారా? అదే ఏడాది అక్టోబరు నుంచి మాత్రం జమచేసిన మొత్తం మీద 28 శాతం జీఎస్టీ వేశారు. వంద వేస్తే సుమారు 22 రూపాయలు పన్నుకే. గెలిచిన సొమ్ములో 30 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) వేరే. రెండేళ్లు ఆ పంక్తిలో కూర్చుని తిని, విస్తరి మడిచాక వంట బాలేదన్నట్టుంది.

ఎడిసన్_రావు | 25 ఆగస్టు, ఉదయం 10:02 (ఇక్కడ అర్ధరాత్రి దాటింది)

న్యూజెర్సీ నుంచి. మా రాష్ట్రమే సుప్రీంకోర్టుదాకా వెళ్లి 2018 మే 14న గెలిచింది, క్రీడల మీద పందేలు వద్దనే ఫెడరల్ చట్టం ఎగిరిపోయింది. ఇప్పుడు ఏ మ్యాచ్ పెట్టినా ప్రకటనలే. ప్రతి ప్రకటన అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో 1-800-గ్యాంబ్లర్ అని జూదం మానలేనివాళ్లకి సాయం చేసే నంబర్. నన్ను ఆడనివ్వొద్దని మనమే జాబితాలో పేరు రాయించుకోవచ్చు, కనీసం ఏడాది. మా ఆఫీసులో మన తెలుగబ్బాయి ఒకడు అలా రాయించుకున్నాడు. తెగించి చేసిన పని. మంచి ఏర్పాటే.

తర్వాత వాడు విదేశీ సైటుకి మారాడు, ఆ జాబితా వాళ్లకి వర్తించదు. అందుకని ఇక్కడ స్వర్గం ఉందని చెప్పను. కానీ వాడి ఫోన్ ఎవడూ అడగలేదు.

చికెన్‌డిన్నర్_హన్మకొండ | 25 ఆగస్టు, సాయంత్రం 6:44

మా ఇంట్లో ఈ చట్టం మొన్న 22వ తేదీ రాత్రే అమల్లోకి వచ్చేసింది. నాన్న వార్తలు చూసి వైఫై తీసేశాడు. నేను ఆడేది బీజీఎంఐ, అంటే పబ్జీ ఇండియా వెర్షన్. దాంట్లో పందెం లేదు నాన్నా, చట్టంలో ఈ-స్పోర్ట్స్‌కి (పోటీలుగా ఆడే వీడియో గేములకి) గుర్తింపిచ్చారు, ఎంట్రీ ఫీజు పెట్టి ప్రైజ్ మనీ ఇచ్చినా తప్పు కాదన్నారు అని చదివి వినిపించాను. "అదీ పేకాటే" అన్నాడు.

మీరు పెద్దవాళ్లు 16వ సెక్షన్ గురించి ఇప్పుడు ఉలిక్కిపడుతున్నారు. మాకు అలవాటే. 2020 సెప్టెంబరు 2న ఒక్క ఆర్డరుతో 118 యాప్‌లు, అందులో పబ్జీ. 2021 జులైలో బీజీఎంఐ పేరుతో వచ్చింది. ఏడాదికి, 2022 జులై 28న, స్టోర్లలోంచి మాయం. 2023 మేలో మళ్లీ ప్రత్యక్షం. మధ్యలో ఎందుకు తీశారో, ఎందుకు ఇచ్చారో ఆడేవాడికి ఒక కాగితం చూపించలేదు. నాతో ఆడిన ఇద్దరు ఆ పది నెలల్లో జట్టు వదిలేసి డెలివరీకి పోయారు.

గత నెల చివర్లో రియాద్‌లో ఈ-స్పోర్ట్స్ వరల్డ్ కప్‌లో చదరంగం పెట్టారు. మా హన్మకొండ అర్జున్ ఇరిగైసి సెమీస్ దాకా వెళ్లాడు. నాన్న ఆ రోజు లైక్ కొట్టాడు. అదే ఫోన్, అదే వైఫై.

మోడరేటర్ | 25 ఆగస్టు, రాత్రి 8:15

పబ్జీ మంచిదా చెడ్డదా అన్న 31 పోస్టులను వేరే చర్చకు తరలించాను. ఇక్కడ తిట్లు వద్దు. తీన్మార్ గారూ, మీకే.

పద్మజ_గుంటూరు | 26 ఆగస్టు, ఉదయం 6:50

నేను బ్యాంకులో పనిచేస్తాను, అప్పుల విభాగం. పర్సనల్ లోను అడిగినవాళ్ల ఆర్నెల్ల స్టేట్‌మెంట్ చూడటం నా పని. ఫలానా ఆట అని ఎక్కడా రాసి ఉండదు, అయినా రెండో పేజీకే తెలిసిపోతుంది. రాత్రి 11:10కి 500. 11:32కి 500. 12:05కి 1000. 1:40కి 2000. 2:55కి 199, ఖాతాలో అంతే మిగిలింది గనక. పొద్దున తొమ్మిదింటికి ఎవరో స్నేహితుడి దగ్గర్నుంచి 3000 జమ. సాయంత్రం మళ్లీ మొదలు. ఒకాయన స్టేట్‌మెంట్‌లో ఈ వరుస మధ్య ఒకే ఒక్క 40 రూపాయలుంది, ఇడ్లీ బండి.

నా మాట ఏమిటంటే, ఈ చట్టంలో పదును ఉన్నది డబ్బు దారి మూసేచోట. మా వైపు గేటు వేస్తే చాలా భాగం ఆగుతుంది. దానికి ఎవరి గ్యాలరీ, ఎవరి చాట్లు తెరవక్కర్లేదు. బ్యాంకుకి కావాల్సిన సమాచారం బ్యాంకు దగ్గరే ఉంది.

బటన్_కాపరి | 26 ఆగస్టు, ఉదయం 8:05

పద్మజగారూ, సగం ఒప్పుకుంటాను. ఇక్కడ రిజిస్టరైన కంపెనీలు గేటు వేస్తే ఆగుతాయి. విదేశీ బెట్టింగ్ సైట్లు అద్దె ఖాతాలు వాడతాయి. ఏ ఆటో డ్రైవరు పేరు మీదో, ఏ డిగ్రీ కుర్రాడి పేరు మీదో కరెంట్ అకౌంట్. వారానికొకటి మారుతుంది. ఆ కుర్రాడికి నెలకి పదివేలు, ఆపైన పోలీసు కేసు.

పద్మజ_గుంటూరు | 26 ఆగస్టు, ఉదయం 8:20

తెలుసండీ. అలాంటి కుర్రాడు ఏడుస్తూ మా బ్రాంచికి వచ్చాడు కూడా. వాడి ఖాతా ఎవరు తెరిపించారో కనుక్కోవడానికి వాడి ఒక్కడి ఫోన్‌కి వారెంట్ తెచ్చుకోవచ్చు. ఆ కాస్త ఆలస్యంలో ఆకాశం ఊడిపడదు.

తిరుపతి_తీన్మార్ | 26 ఆగస్టు, ఉదయం 9:00

ఆ కాస్త ఆలస్యంలోనే చాట్లన్నీ డిలీట్ అవుతాయి మేడమ్. టెలిగ్రామ్‌లో గ్రూపు మాయం కావడానికి ఒక్క నిమిషం చాలు. మా అన్న కొడుకు విషయంలో చూశాను కాబట్టే చెప్తున్నాను. ఊరికే అరవడం లేదు. వాడి దగ్గర డబ్బు తీసుకున్న అడ్మిన్ ఎవరో ఇప్పటికీ తెలియదు. స్టేషన్‌కి వెళ్తే మూడు రోజుల తర్వాత ఫోన్ తీసుకున్నారు. అప్పటికే ఖాళీ.

ప్లీడరు_గారబ్బాయి | 26 ఆగస్టు, ఉదయం 9:25

ఇది గట్టి మాట. దీనికి నా దగ్గర తేలిక జవాబు లేదు. అత్యవసరంలో ముందు ఫోన్ స్వాధీనం చేసుకుని భద్రపరచడం, తెరవడం మాత్రం మేజిస్ట్రేటు అనుమతి వచ్చాక, ఇలా రెండుగా విడదీసి ఉంటే సరిపోయేది. చట్టంలో అలా విడదీయలేదు. మీ అన్నకొడుకు విషయంలో కూడా అధికారం లేక ఆలస్యం కాలేదు కదా, స్టేషన్‌లో పట్టించుకోక అయింది. కొత్త సెక్షన్ ఆ మూడు రోజుల్ని మూడు గంటలు చేస్తుందా?

తిరుపతి_తీన్మార్ | 26 ఆగస్టు, ఉదయం 9:31

చేయకపోవచ్చు.

ఎలుకల_ల్యాబ్ | 26 ఆగస్టు, ఉదయం 10:40

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. 2021 అక్టోబరులో రోడ్డు మీద బండ్లు ఆపి, ఫోన్లు తీసుకుని వాట్సాప్‌లో గంజాయి అని వెతికిన వీడియో. ఆ ఫోన్లు చూడ్డానికి ఏ చట్టం ఉందని అప్పట్లో అందరం అడిగాం. ఈసారి పందెం ఆటల పేరు మీద చట్టమే చేతికిచ్చారు. అదే ఏడాది మే నెలలో పోలీసులు ఒక సామాజిక కార్యకర్తను మాస్కు తీయమని ఫొటో తీశారు కదా, ఫేషియల్ రికగ్నిషన్ (ముఖాన్ని బట్టి మనిషిని గుర్తుపట్టే టెక్నాలజీ) మీద ఆయన వేసిన కేసులో హైకోర్టు 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసిచ్చింది. ఇక్కడ ముందు సరంజామా వస్తుంది, తర్వాత ప్రశ్న వస్తుంది.

అధికారి చెడ్డవాడని నేననడం లేదు. నా ఎథిక్స్ కమిటీ కూడా నేను చెడ్డదాన్నని కాదు కదా నాలుగు నెలలు తిప్పింది. ఎవరైనా ఒకరు పక్కనుండి చూడాలని.

నిడదవోలు_నాని | 26 ఆగస్టు, మధ్యాహ్నం 1:12

బెట్టింగ్ యాప్‌లకి ప్రచారం చేసిన స్టార్ల మీద మార్చిలో పంజాగుట్ట, మియాపూర్ స్టేషన్లలో కేసులన్నారు. ఆర్టీసీ ఎండీ సజ్జనార్ గారు రోజూ ట్వీట్లు పెట్టి మరీ గోల చేశారు. ఆయన బస్సులు నడుపుతూ చేసిన పని మిగతావాళ్లు కుర్చీల్లో కూర్చుని ఎందుకు చేయలేదో.

సికింద్రాబాద్_శాస్త్రి | 29 ఆగస్టు, ఉదయం 8:00

నిన్న ఏ23 రమ్మీ నడిపే కంపెనీ కర్ణాటక హైకోర్టులో కేసు వేసింది. మన హైదరాబాద్‌లో పుట్టిన కంపెనీయే. వాదన ఊహించగలరు, రమ్మీ నైపుణ్యం ఉన్న ఆట అని. 1967 నాటి ముక్కలు మళ్లీ కలుపుతున్నారు.

ఒక మాట ఒప్పుకోవాలి. మా నాన్నగారి క్లబ్బు గురించి తియ్యగా రాశాను. ఆయన కూడా పోగొట్టుకున్నారు. అమ్మ నన్ను పంపేది పిలుచుకు రావడానికే అని రాశాను కదా, అసలు పంపింది బల్ల మీద ఇంకా ఎంత ఉందో చూసి రమ్మని. లైట్లు తొమ్మిదికి ఆర్పేవారన్నది మాత్రం నిజం.

ప్లీడరు_గారబ్బాయి | 8 సెప్టెంబరు, సాయంత్రం 7:30

అప్‌డేట్. కర్ణాటక, ఢిల్లీ, మధ్యప్రదేశ్ హైకోర్టుల్లో ఉన్న పిటిషన్లన్నిటినీ సుప్రీంకోర్టు ఈ రోజు తన దగ్గరికి తెప్పించుకుంది. వాదనలు కంపెనీల వ్యాపార హక్కు చుట్టూ, కేంద్రానికి ఈ చట్టం చేసే అధికారం ఉందా లేదా అన్నదాని చుట్టూ తిరుగుతాయి. కేసు వేసినవాళ్లు కంపెనీలు కాబట్టి 16వ సెక్షన్ వాళ్లకు పదో పాయింటు. మన ఫోన్ల గురించి అక్కడ గట్టిగా మాట్లాడేవాళ్లు ఎవరో చూడాలి.

కోదాడ_బావ | 14 సెప్టెంబరు, రాత్రి 10:20

ఈ చర్చ మొదలుపెట్టింది నేనే కాబట్టి చెప్పాలి.

యాప్ మూసేశాక మా బామ్మర్ది వాలెట్‌లో మిగిలిన 312 రూపాయలు బ్యాంకులో పడ్డాయి. ఆ మెసేజ్ నాకు ఫార్వర్డ్ చేశాడు, కింద ఒక దండం బొమ్మ. రెండు వారాలు మనిషి కుదురుగా ఉన్నాడు. మా పెరట్లో కంచె కట్టాడు. పిల్లలకు లెక్కలు చెప్పాడు.

ఈ రోజు మా ఇంటికి వచ్చాడు. భోజనాలయ్యాక, "బావా, టెలిగ్రామ్‌లో ఒకటి వచ్చింది, ఇది మనదేశం వాళ్లది కాదంట, చట్టం వర్తించదంట, నిజమేనా" అని మామూలుగా అడిగాడు. క్రికెట్ స్కోరు అడిగినట్టు. నేను లేదురా అది ఇంకా పెద్ద మోసం అన్నాను. సరే అని ముందుగదిలో పడుకున్నాడు.

ఫోన్ ఇక్కడ, నా ముందు బల్ల మీద ఉంది. ప్యాటర్న్ నాకు తెలుసు, ఎల్ ఆకారం, పిల్లలకి కూడా తెలుసు. చేరాడా లేదా చూడ్డానికి అర నిమిషం పట్టదు. ఇక్కడ ఇరవై రోజులు ఇదే వద్దని వాదించాను.

తిరుపతి_తీన్మార్ | 14 సెప్టెంబరు, రాత్రి 10:24

తెరువు బావా. రేపటికి డిలీట్ చేసేస్తాడు.

పద్మజ_గుంటూరు | 14 సెప్టెంబరు, రాత్రి 10:31

తెరవకండి. మిమ్మల్ని అడిగాడు కదా, అడిగే ధైర్యం ఇంకా ఉంది. మీరు చూశారని తెలిస్తే ఆ ఒక్కటీ పోతుంది.

తిరుపతి_తీన్మార్ | 14 సెప్టెంబరు, రాత్రి 10:33

మేడమ్, మా ఇంట్లోనూ అలాగే అనుకున్నాం.

కోదాడ_బావ | 14 సెప్టెంబరు, రాత్రి 11:58

స్క్రీన్ మీద ఇప్పటికి మూడు నోటిఫికేషన్లు వచ్చాయి, వెలిగి ఆరిపోతున్నాయి. ఎవరివో కనపడట్లేదు. బ్యాటరీ నాలుగు శాతం ఉంటే ఛార్జింగ్ పెట్టాను. పొద్దున లేచాక వాడి చేతికే ఇచ్చి అడుగుతాను.